ఎవరి పాఠం వాళ్లకు

హైదరాబాదు పాతబస్తీలో చదువు మొదలయ్యేది ఇంట్లోనే. ముస్లింల ఇళ్లలో పిల్లకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండాయంటే బిస్మిల్లా చేస్తారు. కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, ఇంటి పెద్దో మౌల్వీ సాబో తొలి మాట పలికిస్తారు. మా ఇళ్లలో పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దిస్తాం. వీలైనవాళ్లు బాసర పోయి సరస్వతమ్మ ముందు దిద్దించుకొస్తారు. ఆ ఒక్కరోజు పిల్లలందరికీ ఒకటే పాఠం. మర్నాటి నుంచి ఏ ఇద్దరూ ఒకలా ఉండరు. ఒకతి రాసిందే రాస్తూ పలక అరిగేదాకా కూర్చుంటుంది. ఒకడు పలక పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తుతాడు. బడి ఆ తేడాను సర్దుకుపోలేదు. నలభైమంది ముందు నిలబడ్డ టీచరమ్మను ఆ మాట అనడం అన్యాయం కూడా. ఇల్లు సర్దుకుపోగలదు. సర్దుకుపోవాలని అనుకుంటేనే సుమా.

మా ఇల్లు గౌలిపురాలో. మా ఇద్దరు పిల్లలూ ఇప్పుడు ఇంటి దగ్గరే చదువుకుంటున్నారు. "బడికి పంపకుంటే ఎట్లక్కా? రేపు సర్టిఫికెట్ ఎవరిస్తరు?" అని లాల్‌దర్వాజ దాకా తెలిసినవాళ్లంతా అడిగారు. సర్టిఫికెట్ సంగతి తర్వాత చెబుతాను. అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది: బడి చేయలేనిది ఇల్లు ఏం చేస్తుంది? నాకు తెలిసినంతలో ఒక్కటే. పిల్ల ఆగితే పాఠం ఆగుతుంది, పిల్ల తిరిగితే పాఠం తిరుగుతుంది. ఆ ఒక్కటీ లేకపోతే ఇంటి చదువుకన్నా బడే నయం. బడిలో కనీసం ఆడుకోవడానికి తోటి పిల్లలు ఉంటారు. తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చోబెట్టి, నలభై నిమిషాలకో పీరియడ్ అని గోడకు టైంటేబుల్ అంటించి, ఇంట్లో చదివిస్తున్నామని చెప్పుకునే తల్లిదండ్రులను చూశాను. ఆ పిల్లలను చూస్తే నాకు జాలేస్తుంది. బడిలోని ఇబ్బందంతా ఇంటికొచ్చింది, స్నేహితులు మాత్రం అక్కడే ఉండిపోయారు.

ఎవరి పాఠం వాళ్లకు అనే పద్ధతి మనకు కొత్తది కాదు. మా పక్కింటి ఆపా సాయంత్రం పూట గల్లీ ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతుంది. గదిలో అందరూ కలిసే కూర్చుంటారు, ఒక్కొక్కరి సబక్, అంటే పాఠం, మాత్రం వేరు. ఒకతి అక్షరాల దగ్గర, ఒకతి చివరి సూరాల దగ్గర ఉంటుంది. వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరే ఆపా ముందుకొచ్చి అప్పజెబుతారు. వస్తే ముందుకు, రాకుంటే రేపు మళ్లీ అదే. ఎవరూ ఫెయిల్ కారు. మన పాతకాలపు వీధి బడీ దాదాపు ఇంతే. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో బళ్లు ఎన్ని, ఎలా నడుస్తున్నాయని ఆరా తీయించాడు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంబెల్ జవాబు పంపాడు. తెలుగుకు వ్యాకరణం రాసిన క్యాంబెల్ ఆయనే. తన జిల్లాలో 533 బళ్లు ఉన్నాయనీ, సగటున బడికి పన్నెండుమంది పిల్లలనీ రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్నీ, చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పడాన్నీ మెచ్చుకున్నాడు. ఆ బళ్లలో బెత్తం ఉంది, అర్థం తెలియకుండా వల్లెవేయించడం ఉంది, ఆడపిల్లలు దాదాపు లేరు. వాటిని తిరిగి తెచ్చుకుందామని నేననను. పన్నెండుమందిలో ప్రతివాడూ తన పాఠం తను చదువుకునేవాడన్న సంగతి మాత్రం మనం మరిచిపోయాం.

హైదరాబాదులో ఇంటి చదువు అంటే అందరికీ గుర్తొచ్చేది సరోజినీ నాయుడే. మూసీకి అవతల, నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఆమె కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్ అనే ఇల్లుంది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. సరోజిని తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడిన్‌బరోలో డీఎస్సీ చేసి వచ్చినవాడు. నిజాం కాలేజీకి పునాది వేసినవాడు. కూతురు గొప్ప గణిత శాస్త్రజ్ఞురాలో, సైంటిస్టో కావాలని పట్టుబట్టి, ఇంట్లో చదువంతా ఆ దారిలోనే నడిపించాడు. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి ముందుమాటలో ఇంగ్లీషు కవి ఆర్థర్ సైమన్స్ ఆమె ఉత్తరం ఒకటి చేర్చాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆమె మాటల్లోనే అందులో ఉంది. పదకొండేళ్లప్పుడు ఒకరోజు ఆల్జీబ్రా లెక్క ఎంతకీ తెమలక కూర్చుని ఉంటే, లెక్కకు బదులు ఒక కవిత వచ్చిందట. అప్పటినుంచి రాయడం మొదలుపెట్టింది. పన్నెండేళ్లకు మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసైంది. పదమూడేళ్ల ప్రాంతంలో ఆరోగ్యం చెడి క్రమంగా సాగే చదువు ఆగిపోయింది. కానీ తాను చదివిన పుస్తకాల్లో ఎక్కువ భాగం పద్నాలుగుకూ పదహారుకూ మధ్య చదివినవేనని రాసుకుంది.

ఈ కథను చాలామంది ఒక మేధావి బాల్యంగా చెబుతారు. నేను తండ్రి వైపు నుంచి చదువుతాను. ఆయనకు ఒక పథకం ఉంది. తొమ్మిదేళ్లప్పుడు ఆ పిల్ల ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే, ఒక రోజంతా గదిలో ఒంటరిగా పెట్టి తలుపేశాడు. బయటికొచ్చాక ఆయనతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడిందట. తల్లి మాత్రం ఆమెతో హిందుస్తానీలోనే మాట్లాడేది. ఇంగ్లీషు వచ్చింది కదా అని ఆ గది తలుపును నేను సమర్థించలేను. ఇంగ్లీషు వచ్చింది గది వల్ల కాదు, ఇంటినిండా భాషలు తిరుగుతుండడం వల్ల. నాకు గౌరవం కలిగేది తర్వాతి ఘట్టం చూసి. లెక్కల పుస్తకంలోంచి కవిత బయటపడ్డాక, అంత పట్టుదల గల తండ్రి అడ్డం పడలేదు. ఆరోగ్యం చెడిన పిల్ల సిలబస్ వదిలి చేతికందిన పుస్తకమల్లా చదువుతుంటే ఆ ఇల్లు చదవనిచ్చింది. అదే పిల్ల బడిలో ఉంటే ఆ రెండేళ్లూ 'చదువు పోయిన' ఏళ్లయ్యేవి.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మూసీకి ఇవతలే ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1866లో పుట్టి, మూడేళ్లు నిండకముందే గద్దెనెక్కాడు. ఆయనకు పాఠం చెప్పడానికి ఇంగ్లీషు ట్యూటరుగా కెప్టెన్ జాన్ క్లర్క్‌ను పెట్టారు. ఆ నిజాం నివసించిన పురానీ హవేలీకి వెళితే చూడండి, పొడవునా మనిషి నడవదగ్గ చెక్క బీరువాల వరస ఉంటుంది. అంత వసతి ఉన్న ఇంటి చదువు ఎవరికి దొరుకుతుంది? కానీ అక్కడ పాఠాన్ని నిర్ణయించింది గద్దె. ఆ కుర్రవాడికి ఏం కావాలని అడిగే వీలు ఆ పెద్దలెవరికీ లేదు. డబ్బుంటే ఇంటి చదువు బాగుంటుందనే మాట నేను నమ్మకపోవడానికి అదొక కారణం.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్దది నిదానం. ఎందుకు, ఎందుకు అని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా పేజీ తిప్పదు. బడిలో దశాంశాలూ భిన్నాలూ వారం వారం తరుముకొచ్చేసరికి లెక్కలంటేనే ముఖం తిప్పుకుంది. ఒకరోజు లాడ్ బజార్‌లో గాజులు తీసుకుంటున్నాం. లక్కను బొగ్గుల మీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్లు అద్దే ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణదారు దాని చెయ్యి చూసి "రెండు-నాలుగు" అన్నాడు. నాకు "రెండు-ఎనిమిది". ఇంటికొచ్చి అది నోటుబుక్కులో 2.4, 2.8 అని రాసుకుంది. నా కుట్టుమిషను టేపు తెచ్చి గాజు లోపలి వెడల్పు కొలిచింది. రెండు-ఎనిమిది గాజు సరిగ్గా రెండున్నర అంగుళాలు వచ్చింది. మళ్లీ కొలిచింది. టేపు తప్పు అంది. ఇంకో గాజు పెట్టింది. రెండు-నాలుగు గాజు రెండుంపావు దగ్గర ఆగింది. "ఎనిమిది అంటే సగం ఎట్లయితది?" అని నన్ను వదల్లేదు.

జవాబు చెప్పింది మా అత్తమ్మ. "నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధరూపాయి. గంతే బిడ్డా. రెండు మీద పావు, రెండు మీద అర." అణాలు 1957లోనే పోయి పైసలొచ్చాయి, కానీ ఆవిడ నోట్లో ఇంకా ఉన్నాయి. గాజుల కొలతలో రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. రూపాయికి పదహారణాలు. పిల్ల టేపు మీద గీతలు లెక్కపెట్టింది. అంగుళానికి ఎనిమిదే ఉన్నాయి. అంటే ఒక్కో గీతకు రెండణాలు. రెండు-ఆరు గాజు మూడో గీత దగ్గర పడాలని కొలవకముందే చెప్పి, కొలిచి, పడిందని ఎగిరింది. ఆరు బై పదహారు, మూడు బై ఎనిమిది ఒకటేనని నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఉన్న గాజులన్నీ నేల మీద పరిచి కొలిచింది. మర్నాడు చుక్క పెట్టి రాసే దశాంశం పదో వంతనీ, గాజుల అంకె పదహారో వంతనీ తనే రెండు వరసల్లో పట్టీ వేసుకుంది. బడిలో ఈ పాఠానికి చోటు లేదు. ఒక పూటంతా ఒకే ప్రశ్న మీద కూర్చోవాలి, పక్కన ఒక నానమ్మ ఉండాలి.

చిన్నోడికి ఇదే పాఠం పెడితే టేపు చేత్తో తిప్పి కొరడా చేసుకునేవాడు. వాడి ఒళ్లు కదిలితేనే బుర్ర కదులుతుంది. తెలుగు వాచకంలో ఒత్తులు వచ్చినచోటల్లా కళ్లు తుడుచుకునేవాడు. వాళ్ల నాన్న వాణ్ణి షాలిబండ నుంచి చార్మినార్, అక్కణ్నుంచి పత్తర్‌గట్టీ దాకా నడిపించడం మొదలుపెట్టారు. ఆ దారిలో బోర్డులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో ఉంటాయి. ఒక అక్షరం కనిపెట్టి, అది ఎన్ని బోర్డుల మీద ఉందో పట్టుకోవడం వాడి ఆట. బట్టల దుకాణం మీద 'వస్త్రాలయం' దగ్గర ఆగిపోయాడు. స కింద తావత్తు, దాని పక్కన రావత్తు. వేలెత్తి గాల్లో గీశాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా కదలడు. ఆ తర్వాత 'శాస్త్రి', 'మిస్త్రీ' అంటూ ఆ గుర్తున్న ప్రతి బోర్డూ వాడి సొంతమైంది. పెద్దదాన్ని ఆ రద్దీలోకి తీసుకెళితే చెవులు మూసుకుని ఇంటికి పోదామంటుంది. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్నలు. ఒకరి పాఠం ఇంకొకరికి పనికి రాలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లకు తగ్గట్టు మార్చడమంటే పిల్లకు నచ్చనిది ఎత్తేయడం కాదు. చిన్నోడు బోర్డులు చదివి ఊరుకుంటే చాలదు, రాత్రి కూర్చుని ఆ మాటలు రాయాలి. రాయడం వాడికి ఇష్టం లేదు, అయినా రాస్తాడు. చదవడం, రాయడం, లెక్క, ఇంటి భాషతో పాటు పక్కింటివాళ్ల భాష: వీటిలో మా ఇంట్లో బేరం లేదు. దారి ఒక్కటే పిల్లది. ఎంతసేపు, ఎక్కడ, దేనితో, ఎవరి దగ్గర అన్నవి వాళ్లను చూసి మార్చుకుంటాం. ఇష్టమున్నదే నేర్పుతామని చెప్పే ఇంటి చదువు కొన్నాళ్లకు పిల్లను నిస్సహాయురాలిని చేస్తుంది.

వేగం గురించీ అంతే. హైదరాబాదుకు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ పేరు తెలియని తెలుగు పాఠకులు తక్కువ. బడికి వెళ్లకుండా అమ్మానాన్నల దగ్గరే చదివి ఎనిమిదేళ్లకు పదో తరగతి పరీక్ష పాసైంది, టేబుల్ టెన్నిస్‌లో అంతర్జాతీయంగా ఆడింది, పీహెచ్‌డీ చేసింది. తమ్ముడు అగస్త్య పద్నాలుగేళ్లకు డిగ్రీ పూర్తి చేశాడు. వాళ్లకు ఆ వేగం తగింది, సంతోషం. కానీ ఆ వార్త పేపర్లో వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. తొందరగా చదివించడం ఇంటి చదువు ఫలితాల్లో ఒకటి మాత్రమే. నిదానంగా చదివించడానికి కూడా అదే ఇల్లు ఉంది. పన్నెండేళ్ల పిల్ల మూడో తరగతి లెక్క ఎవరూ నవ్వకుండా నేర్చుకోగలిగితే, అది కూడా ఆ ఇంటి విజయమే.

పాతబస్తీ గురించి రాస్తూ ఈ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఇక్కడ ఇంటి దగ్గర ఉన్న పిల్లలందరూ చదువుకుంటున్నవాళ్లు కాదు. 2015 జనవరిలో భవానీనగర్ చుట్టుపక్కల పోలీసులు సోదా చేస్తే, గాజుల కార్ఖానాల్లో రెండు వందలకు పైగా పిల్లలు దొరికారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్లు. ఇరుకు గదుల్లో, రసాయనాల వాసనలో రాళ్లు అతికిస్తున్నారు. మా పెద్దది భిన్నాలు నేర్చుకున్న గాజుల్లాంటివే ఆ పిల్లల బాల్యం మింగాయి. ఆ సంగతి దానికి చెప్పాం, చెప్పాల్సిన పాఠమే అనిపించింది. బయటి కార్ఖానాలే కాదు, ఇంట్లోనే రాళ్లంటించే పని, కుట్టుపని, తమ్ముళ్లను ఎత్తుకునే పని ఎందరో ఆడపిల్లల మీద పడుతుంది. అందుకే పిల్లలను బడిలో పెట్టాలని ఎంవీ ఫౌండేషన్, దాన్ని నడిపించిన శాంతా సిన్హా వంటివారు ముప్పై ఏళ్లకు పైగా పోరాడుతున్నారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అని వాళ్లన్నది ఊరికే కాదు. ఇంట్లో చదివిస్తామనే మాట చెప్పే హక్కు, రోజూ కూర్చుని చదివించేవాళ్లకే ఉంది. ఆ ఓపిక లేని ఇల్లు, ఆ తీరిక లేని ఇల్లు పిల్లను బడికి పంపాలి. అందులో నామోషీ లేదు.

తీరిక అన్నాను కనుక అదీ చెప్పాలి. ఇంటి చదువు భారమంతా చివరికి అమ్మ మీదే పడుతుంది. మా ఇంట్లో నడుస్తోందంటే సాయంత్రాలు వాళ్ల నాన్న, మధ్యాహ్నాలు అత్తమ్మ, ఉర్దూకు పక్కింటి ఆపా పంచుకోబట్టే. ఒక్క మనిషి వంటా, పనీ, పాఠమూ మోస్తే ముందు పాఠమే మొక్కుబడి అవుతుంది.

సర్టిఫికెట్ గురించి మొదట్లో అడిగినవాళ్లకు ఇప్పుడు జవాబు. 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంది. చేర్పించనివాళ్లకు ఆ చట్టంలో శిక్ష రాయలేదు. ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు. పరీక్షకు దారి మాత్రం ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, పద్నాలుగేళ్లు నిండినవాళ్లను నేరుగా పదో తరగతికి రాయనిస్తుంది. అయిదు సబ్జెక్టులు పిల్ల ఎంచుకోవచ్చు, అందులో ఒకటైనా భాష ఉండాలి. తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవచ్చు. అన్నీ ఒకేసారి రాయాల్సిన పని లేదు. ఒకసారి నమోదైతే అయిదేళ్ల గడువులో విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. తెలంగాణకు సొంత ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. ఎక్కే మెట్టు పిల్లే నిర్ణయించుకోగలిగిన పరీక్ష మన దగ్గర ఉండటం చిన్న సంగతి కాదు.

ఇవన్నీ మాలాంటివాళ్లకు, ఎంచుకోగలిగినవాళ్లకు. ఎంచుకునే వీలు లేక ఇంట్లో ఉండిపోయిన పిల్లలు వేరే ఉన్నారు. మంచం దిగలేనివాళ్లు, మాట రానివాళ్లు, బడి మెట్లు ఎక్కలేనివాళ్లు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే ఏర్పాటు కోరుకోవచ్చు. అది హక్కు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు అలాంటి పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పుతారు, ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. ఈ సంగతి పాతబస్తీ గల్లీల్లో చాలా ఇళ్లకు తెలియదు. మీ గల్లీలో అలాంటి బిడ్డ ఉంటే, దగ్గరి సర్కారు బడి హెడ్‌మాస్టరు దగ్గరికి ఆ తల్లిని మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. భవిత కేంద్రం ఎక్కడుందో అడగండి, దరఖాస్తు మీరే రాసివ్వండి. ఆ బిడ్డకు ఏం రాదో వాళ్లు ఎలాగూ అడుగుతారు. ఏమేం వచ్చో కూడా అందులో రాయండి.